మోటార్ షాపు నోట్‌బుక్, పంచాంగంలో కాగితం: గుణుపురం అమ్మాయి అడ్మిషన్ కేసు

నేను పర్లాకిమిడిలో ఉంటాను. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. అప్పటినుంచి గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లోని మన తెలుగు పిల్లలకు ఎంటెక్, ఎంఎస్, పీహెచ్‌డీ అప్లికేషన్లలో సాయం చేస్తున్నాను. ఏ యూనివర్సిటీ దగ్గరా కమీషన్ తీసుకోను. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. కమీషన్ వచ్చే చోట్ల పేర్లే ఏజెంటు లిస్టులో పైన ఉంటాయి. పిల్లల ఇంట్లో డబ్బెంతుందో అడిగి రాసే లిస్టు వేరుగా ఉంటుంది.

ఈ కేసు 2024 సెప్టెంబరులో మొదలై 2025 జూలైలో ముగిసింది. అమ్మాయీ, ఆమె తల్లిదండ్రులూ రాయమన్నారు గానీ పేర్లు వద్దన్నారు. అందుకే కాలేజీల పేర్లు కూడా రాయడం లేదు.

వాళ్లది గుణుపురం. తండ్రికి బజారులో మోటార్ వైండింగ్ షాపు. తల్లి ఒడియా మీడియంలో పదో తరగతి వరకు చదివింది. అమ్మాయి కూడా ఒడియా మీడియంలోనే చదివి, ప్లస్ టూ సైన్స్ చేసి, బీపీయూటీ (బిజూ పట్నాయక్ టెక్నాలజీ యూనివర్సిటీ) కింద ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చేరింది. నా దగ్గరకు వచ్చేసరికి ఫైనలియర్. సీజీపీఏ పదికి 8.4.

మొదటిరోజు తండ్రిని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. "మాస్టారూ, నాకు ఎమ్మెస్ వస్తుందా?" అని అడిగింది.

"వచ్చే సంగతి తర్వాత చూద్దాం. వచ్చాక డబ్బెలాగ?" అన్నాను.

"ఇల్లుంది గదా మాస్టారూ. తాకట్టెడితే సరి" అన్నాడు తండ్రి.

ఈ మాట నేను చాలా ఇళ్లలో విన్నాను. అమెరికాలో ఎంఎస్‌కి అడ్మిషన్ దొరకడం అంత కష్టం కాదు. ఫీజూ ఖర్చులూ కలిపితే నలభై లక్షల మాట. విద్యా రుణం ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు మామూలుగా ఇల్లో స్థలమో తాకట్టు అడుగుతాయి. అయితే మన పిల్లల్లో ఎక్కువమందికి తెలియని దారి ఇంకోటి ఉంది. అక్కడ బీటెక్ తర్వాత నేరుగా పీహెచ్‌డీకి అప్లై చేయొచ్చు. ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ సీటు వస్తే సాధారణంగా ఫీజు మాఫీతో పాటు టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంటుగా నెలనెలా జీతం కూడా ఇస్తారు. సీటు రావడం కష్టం, వస్తే ఇల్లు నిలుస్తుంది.

అలా లెక్క వేసుకుని లిస్టు తయారుచేశాం. డబ్బు వచ్చే పీహెచ్‌డీలు నాలుగు. తండ్రి పట్టుదల మీద ఎంఎస్‌లు రెండు. వాటితోపాటు ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ రాసి ఐఐటీ, ఎన్‌ఐటీల్లో ఎంటెక్. జీఆర్‌ఈ ప్రవేశ పరీక్ష అడగని డిపార్ట్‌మెంట్లనే ఏరాం. 2020 తర్వాత చాలా చోట్ల జీఆర్‌ఈ తీసేశారు, దాని ఫీజే ఇరవై వేలు దాటుతుంది. ఇంగ్లిషు పరీక్ష టోఫెల్ మాత్రం తప్పలేదు, అక్టోబరులో రాసింది.

పాస్‌పోర్టు దగ్గరే పని ఆగింది. చిన్నప్పుడెప్పుడో తీసిన పాస్‌పోర్టులో పేరు మొత్తం ఒకే గడిలో పడింది. ఇంటిపేరు గడి ఖాళీ. మన ఇళ్లలో ఇది మామూలే. కానీ ఇంటిపేరు ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో, ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లిపోతుంది. అసలు పేరు ఉండాల్సిన చోట "ఎఫ్ఎన్‌యూ" అని మూడు అక్షరాలు వస్తాయి. మొదటి పేరు తెలియదు అని దానర్థం. తర్వాత బ్యాంకులో, లైసెన్సు దగ్గర, జీతం దగ్గర ఆ మూడు అక్షరాలతో తిప్పలే. భువనేశ్వర్ వెళ్లి పేరు రెండు గడుల్లోకి విడదీయించి కొత్త పాస్‌పోర్టు తెచ్చుకుంది. ఇది అప్లికేషన్లు నింపడానికి ముందే జరగాలి. ఒడిశా వాళ్లు వీసాకి కోల్‌కతా వెళ్లాలని చాలామంది అనుకుంటారు. మనకు హైదరాబాద్ కాన్సులేటే.

నల్ల అట్ట నోట్‌బుక్

ఎందుకు చదవాలనుకుంటున్నామో చెప్పే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ మొదటి డ్రాఫ్టు అక్టోబరులో పంపింది. చిన్నప్పటి నుంచీ కరెంటంటే ఆసక్తి, ప్రపంచానికి స్వచ్ఛమైన శక్తి కావాలి, మీ యూనివర్సిటీ చాలా గొప్పది. రెండు పేజీలు ఇలాగే ఉన్నాయి. ఆ కాగితం మీద ఏ అమ్మాయి పేరు పెట్టినా సరిపోతుంది. చదివి పక్కన పెట్టి, "మీ షాపు నుంచి ఏదో ఒక వస్తువు పట్టుకురా" అన్నాను.

వాళ్ల నాన్న నోట్‌బుక్ తెచ్చింది. నల్ల అట్ట, వార్నిష్ మరకలు, మూలలు అరిగిపోయాయి. ఒక్కో పేజీకి నాలుగు గడులు: తేదీ, ఊరు, హార్స్‌పవర్, ఏమైంది. నాలుగో గడిలో రెండే రెండు గుర్తులు. కొన్నిచోట్ల నిండు సున్నా, కొన్నిచోట్ల సగం నలుపు చేసిన సున్నా.

"ఇవేమిటి?" అని అడిగాను.

"నిండు సున్నా అంటే కాయిల్ మొత్తం ఒకేలా నల్లబడినట్టు. అది లో వోల్టేజి. సగం సున్నా అంటే రెండు ఫేజులు కాలి మూడోది శుభ్రంగా ఉన్నట్టు. అది సింగిల్ ఫేజింగ్. నాన్న మూత తీసి చూడగానే చెప్పేస్తాడు మాస్టారూ."

నేను కుర్చీలో ముందుకు జరిగాను. స్టార్ కనెక్షన్ మోటారుకు ఒక ఫేజు కరెంటు తెగిపోతే, మిగతా రెండు ఫేజుల కాయిళ్లే మొత్తం బరువు మోసి కాలిపోతాయి. మూడో ఫేజు కాయిల్ కొత్తదానిలా మెరుస్తూ ఉంటుంది. నేను ఏళ్ల తరబడి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పిన పాఠం, పుస్తకం చదవని మనిషి గుర్తుల్లో పెట్టుకున్నాడు.

అమ్మాయి మూడు వేసవుల పేజీలు తిప్పి చూపించింది. మార్చి నుంచి మే వరకు నిండు సున్నాలు ఎక్కువ. అవి కూడా ఏ ఊళ్ల పేర్ల పక్కన పడితే ఆ ఊళ్ల పక్కన లేవు. ఫీడరు, అంటే సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు వెళ్లే కరెంటు లైను, చివర్న ఉన్న ఊళ్ల పక్కనే ఉన్నాయి. లైను పొడుగునా వోల్టేజి పడిపోతూ చివరి ఊరికి చేరేసరికి మోటారుకు చాలినంత ఉండదు. ఇండక్షన్ మోటారు టార్క్ (తిప్పే బలం) వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది. వోల్టేజి 80 శాతానికి పడితే టార్క్ 64 శాతానికి పడుతుంది. లాగాల్సిన బరువు మాత్రం తగ్గదు. మోటారు నెమ్మదించి ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కుతుంది, తీగ మీది ఎనామెల్ పూత మాడుతుంది. రైతు మోటారును బండి మీద వేసుకుని గుణుపురం వస్తాడు.

"ఇదే రాయి" అన్నాను.

రెండో డ్రాఫ్టు ఆ నోట్‌బుక్‌తో మొదలైంది. ఏ ఊళ్లో మోటారు కాలిందో చూసి, ఏ లైనులో ఎక్కడ వోల్టేజి పడుతోందో చెప్పగలమా? చవకైన మీటర్లు కొన్నిటితోనే ఆ పని జరుగుతుందా? ఈ రెండు ప్రశ్నలు అడిగి, డిస్ట్రిబ్యూషన్ లైన్ల మీద పనిచేసే ప్రొఫెసర్లు ఏ యూనివర్సిటీలో ఉన్నారో చూసి, వాళ్ల పేపర్లలో తనకు అర్థమైనదేమిటో, అర్థం కానిదేమిటో రాసింది. ఇంగ్లిషు గొప్పగా లేదు. నేను దిద్దింది వ్యాకరణం మాత్రమే. వాక్యాలు ఆమెవే ఉండాలని నా పట్టుదల. అప్లికేషన్ చదివే ప్రొఫెసరు వెతికేది పనిలో తనతో కూర్చోగల మనిషిని. అద్దెకు తెచ్చుకున్న ఇంగ్లిషు వెనక ఆ మనిషి కనిపించదు.

మార్కుల దగ్గర ఒక పొరపాటు చేయబోయింది. పది స్కేలును తనే నాలుగు స్కేలుకు మార్చి రాస్తానంది. ఫారంలో ఎలా అడిగారో అలాగే, మార్కుల పత్రంలో ఉన్న అంకెనే వేయించాను.

మూడు సిఫార్సు లేఖల్లో రెండు టైముకు వెళ్లాయి. మూడో సారు పంపుతానని చెప్పి పంపలేదు. డిసెంబరు 15 గడువు దాటింది. అమ్మాయి భయపడి నాకు రాత్రి పదింటికి ఫోన్ చేసింది. డిపార్ట్‌మెంట్ కోఆర్డినేటరుకు నాలుగు లైన్ల ఈమెయిల్ రాయమన్నాను. లేఖ కొంచెం ఆలస్యమైనా ఫర్వాలేదు, మీ అప్లికేషన్ గడువులోనే అందింది అని జవాబు వచ్చింది. లేఖ జనవరి మొదట్లో వెళ్లింది. ఆ తర్వాత నుంచి నేను పిల్లలకు నాలుగో మనిషిని కూడా ముందే అడిగి పెట్టుకోమంటున్నాను.

కాగితం

ఈ కేసు రాయడానికి అసలు కారణం ఇది. డిసెంబరు చివరి ఆదివారం గుణుపురం వెళ్లి ముగ్గురినీ కూర్చోబెట్టాను. అప్పటికి ఎక్కడి నుంచీ ఏ జవాబూ రాలేదు. రాకముందే కూర్చోవాలి. ఒక అడ్మిషన్ చేతిలో పడ్డాక మనసు దాని వైపు ఒరుగుతుంది. తర్వాత చెప్పే కారణాలన్నీ ఆ ఒరిగిన మనసు వెతికిపెట్టేవే.

ఏది వస్తే ఏం చేద్దామో ఒక్కొక్కటే అడిగాను. డబ్బుతో పీహెచ్‌డీ వస్తే వెళ్లాలి, దాని మీద ఎవరికీ పేచీ లేదు. డబ్బు లేని ఎంఎస్ వస్తే? ఇక్కడ చాలాసేపు పట్టింది. తండ్రి ఇంటి మాట మళ్లీ ఎత్తాడు. అప్పటిదాకా వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న తల్లి అంది: "ఇల్లు తాకట్టెట్టి సదివితే, ఆ సదువు బుర్రకెక్కుద్దా? నెలనెలా వడ్డీయే కనపడుద్ది దానికి." అమ్మాయి తల వంచుకుంది. నాకు తెలుసు, ఆమె మనసులో మాటా అదే. నాన్న ముందు అనలేకపోయింది.

ఎంత పెద్ద పేరున్న యూనివర్సిటీ అయినా డబ్బు లేని ఎంఎస్‌కి వెళ్లకూడదని తేల్చారు. ఐఐటీ గానీ మంచి ఎన్‌ఐటీ గానీ పవర్ సిస్టమ్స్‌లో సీటిస్తే చేరాలి. వేరే స్పెషలైజేషన్ వస్తే పట్టుకుని మెరుగైనదాని కోసం చూడాలి. ఏదీ రాకపోతే ఒక ఏడాది ఏదైనా ఉద్యోగం చేస్తూ మళ్లీ ప్రయత్నించాలి. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి అదేమీ లోకం మునిగిపోవడం కాదు. చివర్న తల్లి ఒక మాట చేర్చింది. రాత్రిపూట ఏదీ తేల్చకూడదు.

ఆమే రాసింది. మాటలు తెలుగు, అక్షరాలు ఒడియా. ఒడియా బడిలో చదువుకున్న మన ఆడవాళ్లు చాలామంది ఇలాగే రాస్తారు. కింద ముగ్గురూ సంతకాలు పెట్టారు. కాగితం మడిచి పంచాంగంలో పెట్టింది.

ఎదురుచూపు

ఫిబ్రవరిలో గేట్ రాసింది, సెంటరు బరంపురం. అదే నెల నుంచి అమెరికా జవాబులు మొదలయ్యాయి. రెండు పీహెచ్‌డీలు రాలేదు. మార్చిలో మూడోదీ పోయింది. ఒక ఎంఎస్ పోయింది, ఒకటి వచ్చింది, పైసా సాయం లేకుండా. నాలుగో పీహెచ్‌డీ వెయిట్‌లిస్టులో పెట్టింది.

ఆ ఏడు పరిస్థితి వేరు. 2025 ఫిబ్రవరి 7న అమెరికా వైద్య పరిశోధనల సంస్థ ఎన్‌ఐహెచ్ యూనివర్సిటీలకిచ్చే గ్రాంట్లలో పరోక్ష ఖర్చుల (భవనాలు, కరెంటు, ఆఫీసు లాంటివి) వాటా 15 శాతం దాటకూడదని ప్రకటించింది. కోర్టులు అడ్డుకున్నా భయం మాత్రం పోలేదు. కొన్ని యూనివర్సిటీలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి, కొన్ని అడ్మిషన్లే ఆపాయి. ఎలక్ట్రికల్‌కూ ఎన్‌ఐహెచ్‌కూ నేరుగా సంబంధం తక్కువే. కానీ యూనివర్సిటీ ఖజానా ఒకటే గదా. "నీ నోట్‌బుక్ నచ్చక పోలేదు తల్లీ" అని ఈ సంగతంతా విడమరిచి చెప్పాను. నమ్మిందో లేదో తెలియదు, విన్నది.

తల్లి నాకు విడిగా ఫోన్ చేసింది. "రేతిరంతా ఫోనట్టుకునే ఉంటంది మాస్టారూ. నిద్దర లేదు." అప్పుడు గడియారం లెక్క చెప్పాను. మార్చిలో అక్కడ గడియారాలు గంట ముందుకు జరిపాక, అమెరికా తూర్పు తీరానికీ మనకూ తొమ్మిదిన్నర గంటల తేడా. వాళ్ల ఆఫీసు తొమ్మిదింటికి తెరిస్తే మనకు సాయంత్రం ఆరున్నర. వాళ్లు ఐదింటికి మూస్తే మనకు తెల్లవారుజాము రెండున్నర. కాబట్టి పొద్దున్న ఏడింటికి ఒక్కసారి పోర్టలూ, మెయిలూ, స్పామ్ ఫోల్డరూ చూస్తే ముందురోజుదంతా చూసినట్టే. పగలంతా చూడాల్సిన పనే లేదు. పోర్టల్ పాస్‌వర్డ్‌లు ఒక చీటీ మీద రాసి తల్లి దగ్గర ఉంచారు. రాత్రి ఫోన్ షాపు సొరుగులో. వారానికల్లా నిద్ర కుదిరిందని చెప్పింది.

మార్చి 19న గేట్ ఫలితాలు వచ్చాయి. స్కోరు ఆరువందల పైచిలుకు. ఆ స్కోరూ, ఫైనలియర్ ప్రాజెక్టులో అప్పటిదాకా తేలిన విషయమూ రెండు పేరాల్లో వెయిట్‌లిస్టు వాళ్లకు పంపించాను. ఒక్కసారే. వారం వారం గుర్తుచేయడం వల్ల ఉపయోగం లేదు.

ఏప్రిల్ 15 గురించి ఇక్కడ చెప్పాలి. అమెరికాలో కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ ఒప్పందం ఒకటుంది. దాని మీద సంతకం పెట్టిన యూనివర్సిటీలు డబ్బుతో ఇచ్చిన ఆఫర్లకు ఏప్రిల్ 15కు ముందే జవాబివ్వమని ఒత్తిడి చేయకూడదు. అందుకే పెద్ద ఆఫర్లున్న పిల్లలు ఆరోజు దాకా ఆగి, మిగిలినవి వదులుతారు. వెయిట్‌లిస్టు ఎక్కువగా కదిలేది ఆ రోజుల్లోనే. డబ్బు లేని ఎంఎస్ ఆఫర్లకు ఈ రక్షణ లేదు. మనవాళ్ల ఎంఎస్ గడువు ఏప్రిల్ మొదటివారమే.

ఆ గడువుకు మూడు రోజుల ముందు తండ్రి ఫోన్ చేశాడు. విశాఖలో ఉన్న వాళ్ల తోడల్లుడు కొడుకును అమెరికా పంపుతున్నాడట. "మనం మాత్రం ఎందుకు ఆగాల మాస్టారూ? దాని బతుకు దానికి కావాల గదా" అన్నాడు. గొంతు పూడుకుపోయింది. కూతురి మీద ప్రేమే అలా మాట్లాడిస్తోందని నాకు అర్థమైంది, ఫోన్లో వాదించలేదు. మర్నాడు మధ్యాహ్నం బస్సుకు గుణుపురం వెళ్లాను.

నేను ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. తల్లి పంచాంగం తీసి కాగితం ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఒడియా చదవగలడు గానీ నెమ్మదిగా. వేలు పెట్టి ఒక్కో మాటా చదివాడు. తన సంతకం దగ్గర వేలు ఆగింది. కాసేపటికి, "మెయిలెట్టీ అమ్మా" అన్నాడు కూతురితో. అప్పటికి సాయంత్రం దాటింది. రాత్రిపూట ఏదీ తేల్చకూడదని కాగితంలో ఉంది కాబట్టి, ఆ ఎంఎస్ వద్దని పొద్దున్నే మెయిల్ పంపింది.

ఏప్రిల్ 15 వెళ్లింది. వారం తర్వాత వెయిట్‌లిస్టు దగ్గర్నుంచి సీట్లు నిండిపోయాయని మర్యాదగా రాశారు. ఆరోజు అమ్మాయి నాతో మాట్లాడలేదు. మాట్లాడమని నేనూ అడగలేదు.

నా తప్పు, తర్వాత కోప్

ఇక్కడ నా పొరపాటు ఒకటి రాయాలి. ఓబీసీ సర్టిఫికెట్ ముందే తీసిపెట్టుకోమని జనవరిలోనే చెప్పాను. ఆమె తీసింది. రెండు విధాలా పనికిరాలేదు. మొదటిది, అది రాష్ట్రంలో వాడే ఎస్ఈబీసీ (వెనకబడిన తరగతుల) సర్టిఫికెట్. ఐఐటీలకూ ఎన్‌ఐటీలకూ కేంద్ర ప్రభుత్వ నమూనాలో నాన్ క్రీమీలేయర్ (సంపన్న వర్గంలో లేమని చెప్పే) ఓబీసీ సర్టిఫికెట్ కావాలి. కులం కేంద్రం జాబితాలో మన రాష్ట్రం కింద ఉండాలి. రెండోది, అది ఆ ఏడాది ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ ఇచ్చినదై ఉండాలి. తేదీ సంగతి నాకు తెలిసి కూడా చెప్పడం మర్చిపోయాను. ఏప్రిల్‌లో మళ్లీ పెట్టుకుంటే సంతకం కోసం వారాలు పట్టింది. ఈలోగా అప్లికేషన్లలో హామీపత్రం పెట్టి నెట్టుకొచ్చాం. ఆ వారాల టెన్షన్ పూర్తిగా నా వల్ల వచ్చింది. ఇప్పుడు నా గోడ మీద ఏప్రిల్ 1 అని పెద్దగా రాసి ఉంది.

ఐఐటీల ఎంటెక్‌కు కోప్ అనే పోర్టల్ ఉంది. చాలామంది అందులో రిజిస్టరైతే అప్లై చేసినట్టే అనుకుంటారు. కాదు. ఒక్కో ఐఐటీకి విడిగా అప్లై చేసి, అందులో కోప్ నంబరు వేయాలి. ఆఫర్లు మాత్రం కోప్‌లో కనిపిస్తాయి, రౌండ్ల వారీగా. ప్రతి రౌండులో మూడు దారులు. తీసుకుని ఆగిపోవడం (ఫ్రీజ్), చేతిలో ఉంచుకుని పైదానికి చూడటం, వదిలేసి చూడటం. గడువులోగా ఏదీ నొక్కకపోతే సీటు పోతుంది. ఎన్‌ఐటీల కోసం సీసీఎంటీ అనే కౌన్సెలింగ్ వేరే. అందులోనూ గడువులోపు పేరు నమోదు చేయించాను, కోప్‌లో ఏమీ రాకపోతే దిక్కుండాలని.

మొదటి రౌండు ఖాళీ. రెండో రౌండులో ఒక ఐఐటీలో సీటు వచ్చింది, కంట్రోల్ సిస్టమ్స్. స్నేహితులు వదిలెయ్యమన్నారు, ఈ స్కోరుకు పవర్ సిస్టమ్సే వస్తుందన్నారు. వదిలేసిన సీటు మళ్లీ రాదు. ఆమె నన్ను అడగలేదు. కాగితంలో ఉన్నట్టే ఉంచుకుని ఆగింది. మూడో రౌండులో కదలలేదు, మళ్లీ ఉంచుకుంది. నాలుగో రౌండులో పొద్దున్నే నాకు మెసేజ్: "పవర్ సిస్టమ్స్ మాస్టారూ." కాసేపటికి ఇంకోటి: "ఫ్రీజ్ చేశాను. నాన్న షాపు తియ్యలేదు ఇంకా."

2025 మే 27న అమెరికా స్టూడెంట్ వీసాల కొత్త ఇంటర్వ్యూ తేదీలు ఇవ్వడం ఆపేసింది. జూన్ 18న మళ్లీ మొదలుపెట్టింది. నా దగ్గరి ఇంకో కుర్రాడు అడ్మిషన్ చేతిలో పెట్టుకుని ఆ మూడు వారాలు నలిగిపోయాడు. అతని కేసు వేరు, తర్వాత రాస్తాను.

జూలైలో చేరింది. గేట్ మీద నెలకు 12,400 రూపాయల స్టైపెండు. పీహెచ్‌డీ ఆలోచన వదల్లేదు. ఎంటెక్ 2027లో ముగుస్తుంది కాబట్టి 2026 డిసెంబరులో అప్లై చేయాలి. టోఫెల్ రెండేళ్లే చెల్లుతుంది, అప్పటికి గడువు తీరిపోతుంది, మళ్లీ రాయాలి. ఆ లెక్క తనే వేసి నాకు చెప్పింది.

దసరాకు ఇంటికి వచ్చినప్పుడు స్టైపెండు డబ్బుతో నాన్నకు కరెంటూ వోల్టేజీ కొలిచే క్లాంప్ మీటరు కొనిచ్చింది. బాగుచేసిన మోటారు బిగించడానికి ఊళ్లకు వెళ్లినప్పుడు ఆయన అక్కడి వోల్టేజి చూసి రాస్తున్నాడు. మొన్న షాపుకు వెళితే నోట్‌బుక్ నాకు చూపించాడు. నాలుగు గడుల పక్కన స్కేలుతో ఐదో గడి గీసి ఉంది.